నాలుగు నెలల జీతం

1652 సెప్టెంబరు 1, పొద్దు వాలే వేళ. గండికోట కొండ కింది మైదానంలో ఎటు చూసినా డేరాలే. పక్కన పెన్న పారుతోంది. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షాకు ప్రధానీ సేనాపతీ అయిన మీర్ జుమ్లా తన గుర్రపు దళాన్ని వరసలుగా నడిపించి చూసుకుంటున్నాడు. కవాతు ముగింపుకొచ్చింది. ఆ హడావుడిలో దక్షిణం దారి నుంచి వచ్చిన ఇద్దరు కొత్త మనుషుల్ని దండులో ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకున్నది ఇద్దరే. ఒకడు ఇంగ్లీషువాడు, ఇంకొకడు ఇటలీవాడు. ఇద్దరూ మీర్ జుమ్లా కొలువులో ఫిరంగులు పేల్చేవాళ్లు. ఎదురుగా వస్తున్నవాళ్ల ముఖాలు చూడగానే తమలాంటి పరంగీలేనని పోల్చుకున్నారు. చీకటి పడుతోంది కదా, ఈ రాత్రికి మా దగ్గరే ఉండండని తమ బసకు తీసుకెళ్లారు.

వచ్చినవాళ్లలో ఒకడు జాన్ బాప్టిస్ట్ టావెర్నియర్. పారిస్ నగరవాసి. అప్పటికి నలభై ఏడేళ్లుంటాయి. రత్నాల వ్యాపారం చేస్తూ పర్షియా, హిందుస్థానం తిరిగి తిరిగి కాళ్లు కాయలు కాసినవాడు. వెంట ఉన్నది అతని దేశం వాడే, పేరు దు జార్దాన్. గండికోట గురించి, కోట పడిన కొద్దినాళ్లకే అక్కడ కాలుపెట్టి కళ్లారా చూసి రాసిన విదేశీయుడంటే మనకు ఈ టావెర్నియరే. అతని పుస్తకం 1676లో పారిస్‌లో అచ్చయింది. ఈ కథలోని డేరాలు, ముత్యాలు, ఉత్తరాలు, శిక్షలు అన్నీ అతను రాసినవే. సంభాషణల్లో విషయం అతనిది, మాటలు మనవి.

ఎందుకొచ్చినట్టు ఇంత దూరం? అమ్మకానికి. ఆ ఏడు మే నెలలో పర్షియా రేవు బందర్ అబ్బాస్‌లో ఓడ ఎక్కి, జూలై మొదట్లో మచిలీపట్నంలో దిగాడు. గోల్కొండ సుల్తానుకు నగలు అమ్మాలన్నది అతని ఆలోచన. అయితే దిగీ దిగగానే తెలిసిన సంగతి ఒకటే: మీర్ జుమ్లా చూసి సరేనననిదే సుల్తాను ఏ రాయీ కొనడు. ఆ మీర్ జుమ్లా రాజధానిలో లేడు, కర్ణాటక దేశం మీద యుద్ధంలో ఉన్నాడు. దాంతో టావెర్నియర్ మద్రాసు మీదుగా తిరుపతి దాటి కడప సీమలోకి దిగాడు. దారిలో ఒంటిమిట్ట కోదండరామాలయం చూసి, హిందుస్థానంలోకెల్లా గొప్ప గుళ్లలో ఇదొకటని రాసుకున్నాడు. ఇప్పుడు ఒంటిమిట్ట బోర్డుల మీద, కరపత్రాల్లో కనిపించే టావెర్నియర్ మెచ్చుకోలు ఈ ప్రయాణంలోదే. ఆయన అక్కడికి దేవుణ్ణి చూడటానికి రాలేదు, అది దారిలో పడింది, అంతే.

ఆ రాత్రి ఫిరంగివాళ్ల బసలో మాటలు సాగాయి. పరాయి దేశంలో సొంత ముఖాలు కనబడితే ఏం మాట్లాడుకుంటారు? జీతాల గురించీ, యజమాని గురించీ, మొన్న జరిగిన యుద్ధం గురించీ. గండికోట ఎలా పడిందో టావెర్నియర్‌కు చెప్పగలిగినవాళ్లు ఈ బృందమే. కోటను పడగొట్టింది వీళ్లే కనుక వీళ్ల కంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఆ దండులో లేరు.

ముందు ఆ కోట ఎలాంటిదో చూడాలి. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు వెళ్లి, లోయ అంచున బండ మీద నిలబడి సెల్ఫీ తీసుకున్నవాళ్లకు అందం తెలుస్తుంది. ముట్టడి వేసినవాడికి కనిపించేది వేరు. ఎర్రమల కొండల్ని పెన్న నిట్టనిలువునా కోసుకుంటూ పోయింది. కోటకు ఆ వైపు గోడ కట్టాల్సిన అవసరం కూడా అంతగా లేదు, నదే గోడ. పైకి ఒకటే దారి. కొండను తొలిచి చేసిన ఆ బాట ఇరవై, ఇరవై ఐదు అడుగుల వెడల్పు, కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగులే. కుడిచేతి పక్క పాతాళం, అడుగున నది. అది ఎక్కి వెళ్తే పైన సుమారు కిలోమీటరు వెడల్పు, రెండు కిలోమీటర్ల పొడవున మైదానం. అందులో వరి, చిరుధాన్యాలు పండుతున్నాయనీ, చిన్న చిన్న ఊటలు చేలకు నీళ్లిస్తున్నాయనీ టావెర్నియర్ రాశాడు. కోట లోపలే తిండి, లోపలే నీళ్లు. ఊరు ఉన్నది కొండ కొసన. మైదానం వైపు ఒక్కటే వాకిలి, దానికి చెక్కిన రాళ్లతో మూడు వరసల గోడలు, రాతి కట్టుబడితో కందకాలు. కాపలా కాయాల్సింది నాలుగైదు వందల అంగల మేర మాత్రమే. మిగతాదంతా కొండే చూసుకుంటుంది.

ఇంత కోటలో ఉన్న ఫిరంగులు రెండు. ఒకటి పన్నెండు పౌన్ల గుండు వేసేది, రెండోది ఏడెనిమిది పౌన్లది. ఆ రెండింటితోనే మూడు నెలలు నిలిచారు. లోపలివాళ్లు ఊరికే కూర్చోనూ లేదు. అదను చూసి బయటకు దూకి గోల్కొండ దండును నరికి మళ్లీ లోపలికి వెళ్లిపోయేవారు. మీర్ జుమ్లా చాలామందిని పోగొట్టుకున్నాడు. హిందూ దొరల్లో ఇంతటి సేనానాయకులు కొద్దిమందేనని కోట రాజుకు టావెర్నియర్ యోగ్యతాపత్రం ఇచ్చాడు. పేరు మాత్రం రాయలేదు.

ఆ పేరు మన దగ్గర ప్రతివాడికీ తెలుసు. పెమ్మసాని తిమ్మానాయుడు. కృష్ణదేవరాయల కొలువులో పేరుమోసిన పెమ్మసాని రామలింగనాయుడి వంశం. విజయనగరం కూలి తొంభై ఏళ్లవుతున్నా, ఆఖరి రాయలు శ్రీరంగరాయలు దిక్కులేక తిరుగుతున్నా, గోల్కొండ ఒక పక్కా బీజాపూరు ఒక పక్కా మిగిలిన దేశాన్ని పంచుకుంటున్నా, గండికోట మాత్రం లొంగలేదు.

లొంగదని మీర్ జుమ్లాకూ అర్థమైంది. కత్తులతో, బాణాలతో అయ్యే పని కాదు. ఫిరంగుల్ని కొండ మీదికి ఎక్కించాలి. ఆ సన్నటి దారిలో? అతను తన కొలువులోని పరంగి ఫిరంగివాళ్లందర్నీ పిలిచాడు. వాళ్లలో ఇంగ్లీషువాళ్లు, డచ్చివాళ్లు, ఇద్దరు ముగ్గురు ఇటలీవాళ్లు ఉన్నారు. డచ్చివాళ్లు సరిగ్గా చూసుకోవడం లేదని ఆ కొలువు వదిలి వచ్చిన ఫ్రెంచివాళ్లూ ఉన్నారు. పిలిచి చెప్పింది సూటిగా ఒక్క మాట: ఫిరంగుల్ని పైకి చేర్చే ఉపాయం చూడండి, మామూలు జీతం గాక ఒక్కొక్కరికీ నాలుగు నెలల జీతం అదనంగా ఇస్తాను.

నాలుగు నెలల జీతం! ఉపాయం దొరికింది.

ఎన్ని మోకులు తెగాయో, ఎన్ని దుంగలు నలిగాయో, ఎందరు కూలీలు ఆ కుడిచేతి పక్క పాతాళంలోకి జారారో పుస్తకంలో లేదు. నాలుగు ఫిరంగులు పైకి చేరాయి. చేరగానే వాకిలి మీదున్న కోట ఫిరంగి పనికిరాకుండా పోయింది. తరువాత గురి తలుపు మీద. తలుపు విరగబోతున్నదనగా లోపలివాళ్లు షరతులు మాట్లాడుకుని కోట అప్పగించారు.

దేశంలోకెల్లా గట్టి కోటల్లో ఒకటని పేరుపడ్డ గండికోట వెల ఇంత. ఎవరికీ రాజ్యంలో భాగం ఇవ్వలేదు, ఎవరికీ మతం మీద, దేశం మీద మాట ఇవ్వలేదు. కొంతమంది కూలి సైనికులకు నెల జీతాల లెక్కలో బోనసు.

ఆ తరువాత టావెర్నియర్ మీర్ జుమ్లా డేరాకు వెళ్లాడు. లోపల కూర్చున్న మనిషి గురించి కూడా రెండు మాటలు చెప్పుకోవాలి. అసలు పేరు మీర్ మహమ్మద్ సయ్యద్. పర్షియాలోని అర్దిస్తాన్ వాడు, నూనె వ్యాపారి కొడుకు. గోల్కొండకు పొట్ట చేత పట్టుకుని వచ్చినవాడు వజ్రాల వ్యాపారంలో దిగి, గనులు గుత్తకు తీసుకుని, సొంత ఓడలు నడిపి, చివరికి సుల్తాను ప్రధాని అయ్యాడు. అంటే రత్నం ముందు పెడితే బోల్తాపడే మనిషి కాదు. ఎదుటివాడు వ్యాపారి, తనూ వ్యాపారే.

టావెర్నియర్ వినయంగా మాట కలిపాడు. గోల్కొండ సుల్తానుకు చూపిద్దామని కొన్ని సరుకులు తెచ్చామనీ, తమరు చూడకుండా సుల్తానుకు చూపడం భావ్యం కాదని ఇంత దూరం వచ్చామనీ చెప్పాడు. ఆ మాట మీర్ జుమ్లాకు నచ్చింది. పొగడ్త అని తెలిసినా నచ్చుతుంది కదా. టావెర్నియర్ ముత్యాలు బయటికి తీశాడు. బేరిపండు ఆకారంలో, మామూలుగా కంటపడని పరిమాణం. మీర్ జుమ్లా చేతిలోకి తీసుకుని చూశాడు. చుట్టూ ఉన్న సర్దారులకు చూపించాడు. వెల అడిగాడు. విన్నాడు. ముత్యాలు తిరిగి ఇచ్చేశాడు. ఆలోచిస్తానన్నాడు.

ప్రొద్దుటూరు బంగారు బజారులో గద్దె మీద కూర్చున్న వాళ్లకు ఈ ఘట్టం విడమరిచి చెప్పనక్కర్లేదు. వెల విని ఆలోచిస్తానన్న ఆసామి మళ్లీ ఎప్పుడు పిలుస్తాడో, అసలు పిలుస్తాడో లేదో! టావెర్నియర్ ఎదురు చూడటమే పనిగా ఆ దండులో ఉండిపోయాడు. మనకు మేలే జరిగింది. పనిలేక తిరిగిన రోజుల్లోనే కదా కోటంతా చూసింది.

కొన్నాళ్లకు కబురు వచ్చింది. వెళ్తే మీర్ జుమ్లా ఐదు చిన్న సంచులు తెప్పించి ముందు పెట్టించాడు. ఒక్కో సంచిలో గుప్పెడు వజ్రాలు. పల్చటివి, చిన్నవి. చాలా మటుకు అర క్యారెట్టు, క్యారెట్టు మధ్యలో ఉంటాయి. మచ్చ లేదు గానీ నీరు నలుపు.

“ఇవి మీ దేశంలో పోతాయా?”

“నీరు తెలుపైతే పోయేవి” అన్నాడు టావెర్నియర్.

మీర్ జుమ్లా దాచుకోకుండా చెప్పాడు. ఈ కర్ణాటకాన్ని సుల్తాను కోసం జయించాలనుకున్నప్పుడు ఇక్కడ వజ్రాల గనులున్నాయని ఎవరో చెప్పారట. పన్నెండు వేల మందిని పెట్టి తవ్వించాడు. ఏడాది పొడుగునా తవ్వితే ఎదురుగా ఉన్న ఐదు సంచులు! గని మూయించి అందర్నీ సేద్యానికి పంపేశాడు. పన్నెండు వేల మంది, ఏడాది కష్టం, ఐదు గుప్పెళ్లు. గండికోటకు దండెత్తిన యుద్ధం వెనక ఎంత ఆశ ఉందో, ఆ ఆశ ఎంత నల్లగా తేలిందో ఒక్క దృశ్యంలో చూపించిన ఘట్టం ఇది. నవ్వొస్తుంది. ఆ పన్నెండు వేల మంది ఆ ఏడాది వదిలేసి వచ్చిన పొలాలు గుర్తొస్తే ఆ నవ్వు ఆగిపోతుంది.

నన్ను ఎక్కువ కాలం పట్టుకున్నది మాత్రం వజ్రాలు కాదు, రాగి.

ఊళ్లో ఒక ఫ్రెంచివాడు ఉన్నాడని మొదటి రాత్రే టావెర్నియర్‌కు తెలిసింది. పేరు క్లోద్ మాయే. ఫ్రాన్సు నడిబొడ్డున ఉన్న బూర్జ్ పట్నం వాడు. కోటలో ఉంచడానికి ఇరవై ఫిరంగులు పోసి ఇవ్వాలని మీర్ జుమ్లా అతనికి పని అప్పగించాడు: నలభై ఎనిమిది పౌన్ల గుండు వేసేవి పది, ఇరవై నాలుగు పౌన్లవి పది. రెండు ఫిరంగులతో మూడు నెలలు నిలిచిన కోటకు ఇరవై ఉంటే? మీర్ జుమ్లా ఆలోచన తేలిగ్గానే తెలుస్తుంది. మరి లోహం? గుళ్లలో ఉంది కదా. చుట్టుపక్కల గుళ్ల నుంచి రాగి విగ్రహాలు తెప్పించి మాయే ముందు పోయించాడు.

గండికోటలోని పెద్ద గుడి దేశంలో ముఖ్యమైన గుళ్లలో ఒకటని టావెర్నియర్ అంటాడు. బహుశా మాధవరాయస్వామి గుడే అయి ఉండాలి. నాలుగంతస్తుల ఆ గోపురం ఇప్పటికీ నిలబడి ఉంది. లోపల దేవుడు లేడు. ఆ పెద్ద గుడిలో వెండి బంగారు విగ్రహాలతో పాటు ఆరు రాగి విగ్రహాలు ఉండేవట. మూడు మడమల మీద కూర్చున్నవి, మూడు దాదాపు పదడుగుల ఎత్తువి. మిగతా గుళ్ల విగ్రహాలన్నీ మాయే కొలిమిలో కరిగాయి. ఈ ఆరూ కరగలేదు.

మీర్ జుమ్లా ఖర్చుకు వెనకాడలేదు. బొగ్గు, మనుషులు, ఏదడిగితే అది. కరగలేదు. అర్చకుల్ని పిలిపించి, మీరు మంత్రం వేశారని బెదిరించాడు. అయినా కరగలేదు. చివరికి మాయే ఒక్క ఫిరంగి కూడా పూర్తిగా పోయలేకపోయాడు. ఒకటి పగిలింది, ఒకటి సగంలో ఆగింది. కొంతకాలానికి అన్నీ అక్కడే వదిలేసి కొలువు మాని వెళ్లిపోయాడు.

భక్తులకు ఇందులో మహిమ కనిపిస్తే వద్దనడానికి నేనెవర్ని? పోతపని తెలిసినవాళ్లు మాత్రం ఇంకో రకంగా ఆలోచిస్తారు. రాగి కరగాలంటే 1083 డిగ్రీల వేడి కావాలి. అరచేతి మందం విగ్రహానికీ, పదడుగుల ఎత్తున గట్టిగా పోసిన విగ్రహానికీ పోలిక లేదు. పెద్ద ముద్ద వేడిని తాగుతూనే ఉంటుంది, ఒక పక్క ఎర్రబడేసరికి ఇంకో పక్క చల్లారుతుంది. ముక్కలు చేద్దామంటే మెత్తటి రాగి సమ్మెట దెబ్బకు పగలదు, నొక్కుకుపోతుంది. ఇంకో చిక్కు. ఫిరంగికి ఉత్త రాగి పనికిరాదు. కరిగిన రాగి గాలిని పీల్చుకుంటుంది, అచ్చులో గడ్డకట్టేటప్పుడు బుడగలు వదిలి లోపల గుల్ల చేస్తుంది. తగరం కలిపితేనే అది పలచబడి అచ్చు మూలమూలకూ పారుతుంది, గట్టిపడుతుంది. ఐరోపా పోతగాళ్లు పదిపాళ్లకు ఒక పాలు చొప్పున తగరం వేసేవారు. పెన్న ఒడ్డున అంత తగరం ఎక్కడిది? రకరకాల గుళ్ల నుంచి వచ్చిన, ఎవరు ఏ పాళ్లలో కలిపి పోశారో తెలియని విగ్రహాలతో నలభై ఎనిమిది పౌన్ల ఫిరంగి పోయమంటే బూర్జ్ నుంచి ఎవరొచ్చినా పగలగొట్టి పోవాల్సిందే అని నా అనుమానం. ఎత్తైన రాగి విగ్రహాన్ని ఎక్కడా గుల్ల లేకుండా పోసిన పేరు తెలియని మన స్థపతుల పనితనం ఆ కొలిమి దగ్గర రుజువైంది.

సెప్టెంబరు నడుమ ఒక ఉదయం, ఏడు గంటల వేళ, టావెర్నియర్ సెలవు తీసుకుందామని మళ్లీ డేరాకు వెళ్లాడు. కనిపించిన దృశ్యాన్ని ఎంత ముచ్చటపడి రాశాడో చెప్పలేం. మీర్ జుమ్లా చెప్పులు లేకుండా కింద మఠం వేసుకు కూర్చున్నాడు. కాలివేళ్ల సందుల్లో ఉత్తరాలు. ఎడమచేతి వేళ్ల సందుల్లో ఉత్తరాలు. ఒకసారి కాలి నుంచి, ఒకసారి చేతి నుంచి ఒక్కోటి లాగుతాడు, చదువుతాడు, జవాబు చెబుతాడు. ఇద్దరు లేఖకులు రాసింది చదివించుకుని వింటాడు, తనే ముద్ర వేస్తాడు. కొన్ని కాలినడక హర్కారాలకు, కొన్ని రౌతులకు.

కాలినడక మనిషే రౌతు కంటే ముందు చేరతాడని టావెర్నియర్ ఆశ్చర్యపోయి ఆ ఏర్పాటు వివరించాడు. దారి పొడుగునా కొంత కొంత దూరంలో గుడిసెలు, అందులో మనుషులు సిద్ధంగా ఉంటారు. పరుగెత్తి వచ్చినవాడు ఉత్తరాన్ని చేతికి ఇవ్వడు, అరిష్టమట, గుమ్మంలో విసిరేస్తాడు. లోపలివాడు ఏరుకుని పరుగు అందుకుంటాడు. రాత్రి చీకట్లో దారి తప్పకుండా పక్కన చెట్ల వరసలు ఉంటాయి, చెట్లు లేనిచోట రాళ్ల కుప్పలకు ఊళ్లవాళ్లు సున్నం కొట్టి ఉంచాలి. గండికోట నుంచి గోల్కొండకు కబుర్లు ఆ తెల్ల గుర్తుల వెంట పరుగెత్తేవి.

ఈ పని సాగుతుండగా ఎవరో వచ్చి, నలుగురు నేరస్తులు బయట ఉన్నారని చెప్పారు. మీర్ జుమ్లా తల ఎత్తలేదు. అరగంట దాటింది. రాస్తూనే, రాయిస్తూనే ఉన్నాడు. ఉన్నట్టుండి, తీసుకురండి అన్నాడు. వచ్చారు. అడిగాడు. నేరం వాళ్ల నోటితోనే చెప్పించాడు. చెప్పించి మళ్లీ ఉత్తరాల్లో పడ్డాడు. ఇంకో గంట దాకా మాట లేదు. సర్దారులు వచ్చి వంగి వంగి సలాము చేస్తున్నారు. తల ఊపుతున్నాడు. నలుగురు నిలబడే ఉన్నారు.

తరువాత తీర్పు. ఒకడు ఇంట్లో చొరబడి తల్లినీ ముగ్గురు పసిపిల్లల్నీ చంపినవాడు. కాళ్లూ చేతులూ నరికి బాట పక్క పొలంలో పడేయమన్నాడు. ఇంకొకడు దారిదోపిడిగాడు. పొట్ట చీల్చి కాలవలో వేయమన్నాడు. మిగతా ఇద్దరూ ఏం చేశారో టావెర్నియర్‌కు తెలియలేదు. ఇద్దరి తలలూ తీశారు. ఇది జరుగుతుండగానే భోజనం వచ్చింది. మీర్ జుమ్లా పది గంటలకు తింటాడు. పరంగి అతిథుల్ని తనతో కూర్చోమన్నాడు. కూర్చున్నారు, తిన్నారు.

ఆ భోజనం ఎలా మింగుడుపడిందో టావెర్నియర్ ఒక్క మాట కూడా రాయలేదు. అమ్మకం కుదరలేదన్న దిగులు ఉండి ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో గోల్కొండ దారి పట్టాడు.

మీర్ జుమ్లా జాతకం ఆ తరువాత ఇంకా ఎక్కింది. కర్ణాటకంలో సంపాదించినదంతా తనదేనన్నట్టు ఉండేసరికి సుల్తానుకు కన్ను కుట్టింది. 1655లో అతని కొడుకును బంధించాడు. మీర్ జుమ్లా పాత యజమానిని వదిలి మొఘలుల పంచన చేరాడు. షాజహానుకు పెద్ద వజ్రం నజరానా ఇచ్చి వజీరయ్యాడు. 1663లో అస్సాం దండయాత్ర నుంచి తిరిగొస్తూ దారిలో జబ్బుతో చచ్చిపోయాడు. అతని నజరానా అని చెప్పే వజ్రాన్ని 1665లో ఔరంగజేబు కొలువులో టావెర్నియర్ అరచేతిలో పెట్టుకుని తూచాడు. గుడ్డును అడ్డంగా కోస్తే ఎలా ఉంటుందో అలా ఉందని రాశాడు. గండికోటలో నల్లనీటి రాళ్లు చూపించి నిట్టూర్చిన మనిషి దగ్గరే అంతటి రాయి ఉందన్నమాట.

టావెర్నియర్ కూడా తక్కువ తినలేదు. తెచ్చిన నీలి వజ్రాన్నీ మరెన్నో రాళ్లనూ ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీకి అమ్మాడు. ఆ నీలి రాయినే ఆ తరువాత చెక్కి చెక్కి, చివరికి హోప్ వజ్రమన్నారు. వచ్చిన డబ్బుతో 1670లో ఒక కోట కొనుక్కున్నాడు! స్విట్జర్లాండులో, జెనీవా సరస్సుకు ఎగువన ఓబోన్ అనే ఊళ్లో. అదే సరస్సు ఒడ్డున ఉన్న షియోన్ కోటకు మనవాళ్లు కూడా టూరు ప్యాకేజీల్లో వెళ్లి ఫొటోలు దిగి వస్తారు. ఓబోన్ గురించి గైడు చెప్పడు కాబట్టి అక్కడ ఎవరూ ఆగరు. ఓబోన్ కోటకు ఒక తెల్లటి గుండ్రటి బురుజు ఉంది. ఐరోపా కోటల పోలిక కంటే తూర్పు దేశాల మినార్ల పోలిక ఎక్కువ. అది టావెర్నియర్ కట్టించినదే. ఎక్కడెక్కడి కోటలో చూసి వచ్చిన మనిషి సొంత కోటకు అలాంటి బురుజే కావాలనుకున్నాడు. అదీ నిలవలేదు. 1685లో అమ్ముకోవాల్సి వచ్చింది. 1689లో మాస్కోలో పోయాడు, ఎనభై నాలుగేళ్ల వయసులో, మళ్లీ తూర్పుకు పోయే దారిలోనే.

ఇంతవరకు పుస్తకం కథ. ఇదే సంగతి జమ్మలమడుగులో అడగండి. ఇంకో కథ చెబుతారు.

ఆ కథలో ఫిరంగులు పెద్దగా లేవు. పరంగీలు అసలే లేరు. తిమ్మానాయుడి కొలువులోని పొదిలి లింగన్న ఉన్నాడు. మీర్ జుమ్లా ఎన్ని నెలలు కొట్టినా కోట కదల్లేదు. తిమ్మానాయుణ్ణి ఎదురునిలిచి గెలిచేవాడు లేడు. లింగన్న ఆశకు లొంగి విషం పెట్టించాడు. రాచకుటుంబంలోని గోవిందమ్మ తెగువ గురించి చెబుతారు. అంతఃపురం ఆడవాళ్లు అగ్నిలో దూకారంటారు. పసివాడైన వారసుణ్ణి మైసూరు సీమకు దాటించారంటారు. కైఫీయతుల్లోనూ ఈ తరహా కథే. 1800లో ఈ సీమ ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చాక కర్నల్ మెకంజీ కోసం కావలి సోదరుల వంటి మనవాళ్లు ఊరూరా సేకరించిన వృత్తాంతాలవి. సంఘటన జరిగి అప్పటికి నూటయాభై ఏళ్లు.

టావెర్నియర్ పుస్తకంలో ఫిరంగి పోయలేకపోయిన మాయేకు పేరుంది, ఊరుంది. మూడు నెలలు పోరాడిన వీరుడు ఉత్త రాజు. మన కథలో రాజుకు పేరుంది, చెల్లెళ్లకూ బావమరుదులకూ పేర్లున్నాయి, ద్రోహికీ పేరుంది. తలుపు విరగ్గొట్టినవాళ్లకు లేదు.

ఓటమిని జనం జీతాల లెక్కలో గుర్తుపెట్టుకోరు. నాలుగు ఫిరంగులకు ఓడిపోయామంటే వీరుడి కంటే ఫిరంగి గొప్పదని ఒప్పుకున్నట్టు. ఇంటి మనిషి విషం పెట్టాడంటే వీరుడు ఓడనట్టే. ఈ సీమలో ఇంకో ఉదాహరణ ఉంది. పులివెందుల దారిలో, వేంపల్లె దగ్గర గండిలో పాపాఘ్ని కొండను చీల్చుకుని వస్తుంది. అక్కడ రెండు కొండల నడుమ కంటికి కనబడని బంగారు తోరణం ఉందనీ, అది కనిపించినవాడు ఎక్కువ కాలం బతకడనీ ప్రతీతి. ఈ సీమను పాలించిన మన్రో దొరకు కనిపించిందట. 1827 జూలై 6న పత్తికొండలో మన్రో కలరాతో పోయాడు, అది రికార్డు. తోరణం చూసి పోయాడు, అది ఊరి మాట. రైతుల పక్షం నిలిచిన దొర కలరాతో పోవడం ఆ జనానికి చాలినట్టు అనిపించలేదు.

అందుకని ఊరి మాటను కొట్టేయాలా? లింగన్న కథను కల్పన కింద పక్కన పెట్టేద్దామనే నేనూ మొదట అనుకున్నాను. టావెర్నియర్ అక్కడున్నాడు, పేల్చినవాళ్ల నోటితోనే విన్నాడు, కైఫీయతు రాసినవాళ్లు లేరు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? జమ్మలమడుగులో ఒక టీ అంగడి దగ్గర ఈ జీతాల సంగతీ, నాలుగు ఫిరంగుల సంగతీ చెప్పుకొస్తుంటే పక్కన వింటున్న పెద్దాయన అడ్డం వచ్చాడు. ఫిరంగులు లేవని ఆయన అనలేదు. పరంగీలు రాలేదనీ అనలేదు.

“సరే సామీ, ఎక్కిచ్చినారు. జీతానికి యాడ్నుంచో వచ్చినోళ్లకి ఆ కొండలో ఫిరంగి ఎక్కే దారి యాడుందో చూపిచ్చినోడు ఎవురు?”